మాట ఉన్నప్పుడే మరో దారి: ఏఎల్‌ఎస్‌తో బతుకుతూ రాయడం, పాడటం, పదిమందికి తెలియజెప్పడం

ఏఎల్‌ఎస్ (అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్, కండరాలను కదిలించే నాడీకణాలు చనిపోయే జబ్బు) అని వైద్యుడు చెప్పిన రోజున ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న మందు ఏమిటని, రెండోది ఎన్నాళ్లని. మా అన్న విషయంలో ఈ రెండు ప్రశ్నల చుట్టూనే మేము ఏడు నెలలు తిరిగాము, ఆ ఏడు నెలల్లోనే ఆయన మాట ముద్దగా మారిపోయింది. దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన మనిషి, పద్యం చదివితే పక్క తరగతి పిల్లలు కూడా నిశ్శబ్దమయ్యే గొంతు ఆయనది. ఆ గొంతు బాగున్నప్పుడే మేము చేసి ఉండవలసిన పనులను, అప్పుడు చేయక తరువాత రెట్టింపు కష్టంతో చేసిన పనులను ఇక్కడ రాస్తున్నాను. ఈ జబ్బు ఉన్నవారు రాతను, పాటను, బొమ్మను, నేత డిజైన్‌ను ఎట్లా కొనసాగించవచ్చో, తమ జబ్బు గురించి ఊరికి ఎట్లా చెప్పవచ్చో వివరించడం దీని ఉద్దేశం. వైద్యం ప్రస్తావన ఆ పనులకు అవసరమైనంత మేరకే వస్తుంది.

జబ్బును మన మాటల్లో చెప్పుకోవడం

మొదటి పని, జబ్బు ఏమిటో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పగలగడం. ఇది చైతన్యానికి మాత్రమే కాదు, ఇంట్లోవారి భయం తగ్గడానికి కూడా అవసరం. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీన్ని వర్ణించాడు కానీ, మన ఊళ్లలో దీనికి పేరు లేదు. పక్షవాతం అంటారు, నరాల బలహీనత అంటారు, గాలి సోకిందనేవారూ ఉంటారు. "నరాల బలహీనత" అన్న మాటను బస్టాండు గోడల మీది ప్రకటనలు ఎప్పుడో పాడుచేశాయి కనుక దాన్ని వాడకపోవడమే మంచిది.

బోరు లేని రైతు ఇక్కడ అరుదు కాబట్టి నేను బోరు భాషలోనే చెబుతాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్టార్టర్ డబ్బాకు ఒక వైరు వస్తుంది, స్టార్టర్ నుంచి బోరులోని మోటారుకు ఇంకొక వైరు దిగుతుంది. మెదడు నుంచి వెన్నుపాముకు వచ్చే నాడీకణాలు మొదటి వైరు, వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే నాడీకణాలు రెండో వైరు. ఏఎల్‌ఎస్‌లో ఈ రెండూ క్రమంగా చనిపోతాయి. మొదటిది చెడితే కాళ్లు చేతులు బిగుసుకుంటాయి, రెండోది చెడితే కండరం అదురుతూ అదురుతూ కరిగిపోతుంది. మోటారులో తప్పు లేదు, కరెంటు అందడం లేదు. చూపు, వినికిడి, స్పర్శ వేరే లైను మీద నడుస్తాయి కనుక అవి నిలుస్తాయి. కనుగుడ్లను తిప్పే కండరాలు సాధారణంగా చాలా కాలం వరకు, చాలామందిలో చివరి దాకా పనిచేస్తాయి. ఈ ఒక్క సంగతి మీదనే ఈ వ్యాసంలో సగం ఆధారపడి ఉంది. ఇది అంటు జబ్బు కాదు. వందలో 90కి పైగా కేసుల్లో వంశంలో ముందెవరికీ ఉండదు. ఈ నాలుగైదు వాక్యాలు చెబితే మా వీధిలో అరుగు మీద కూర్చునే పెద్దమనిషికి కూడా అర్థమయ్యాయి.

నల్లగొండ జిల్లాలో ఇంకొక చిక్కు ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు కాళ్లు బిగుసుకుపోయిన మనిషిని చూడగానే ఫ్లోరైడు అంటారు. ఆ అనుమానం తప్పు కాదు. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినప్పుడు వెన్నుపూసల్లో ఎముక పెరిగి వెన్నుపామును, నరాలను నొక్కుతుంది, అప్పుడు కాళ్లు బిగుసుకోవడం, చేతులు సన్నబడటం అచ్చం ఏఎల్‌ఎస్ లాగే కనిపించవచ్చు. అయితే నొక్కుడు వల్ల వచ్చిన జబ్బులో తిమ్మిరి, నొప్పి, స్పర్శ తగ్గడం తరచుగా కలుస్తాయి, ఏఎల్‌ఎస్‌లో స్పర్శ పోదు. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్తును కొలిచేది) పరీక్షలు చూసి నరాల నిపుణుడే తేల్చాలి. మా అన్నకు మెడ ఎముకలు అరిగాయని ఒకచోట శస్త్రచికిత్సకు తేదీ కూడా ఇచ్చారు. నాలుక అదురుతున్నదని మా వదిన గమనించి చెప్పకపోతే అది జరిగిపోయేదే. నిర్ధారణ ఖాయమయ్యే వరకు తిరగడం వృథా కాదు, కానీ ఆ తిరుగుడు మధ్యలోనే కింద చెప్పిన పనులు మొదలుపెట్టండి. నిర్ధారణ తప్పని తేలితే పోయేదేమీ లేదు, కొన్ని రికార్డింగులు మిగులుతాయి, అంతే.

గొంతును దాచుకోవడం

సుమారు నలుగురిలో ఒకరికి ఈ జబ్బు మాటతోనో మింగడంతోనో మొదలవుతుంది, మిగిలినవారిలో చాలామందికి కూడా తరువాత మాట తగ్గుతుంది. కాబట్టి గొంతు రికార్డు చేయడానికి సరైన రోజు, దాని అవసరం ఇంకా కనిపించని రోజే. దీనికి స్టూడియో అక్కరలేదు. ఒక చిన్న గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గోడకు రెండు బొంతలు వేలాడదీసి, ఫోనును నోటికి జానెడు దూరంలో పెట్టండి. పొద్దున గొంతు తేటగా ఉంటుంది కనుక అప్పుడే చేయండి, రోజుకు పదిహేను నిమిషాలకు మించి వద్దు. ఒక్కో మాటను ఒక్కో ఫైలుగా దాచి, ఆ మాటనే తెలుగులో ఫైలుకు పేరుగా పెట్టండి. మేము మొదట అన్నీ ఒకే పొడవాటి ఫైలులో రికార్డు చేసి, తరువాత కోయడానికి రెండు వారాలు కూర్చున్నాము.

ఏమి రికార్డు చేయాలన్నది ఎక్కువమంది తప్పు చేసే చోటు. "నాకు నీళ్లు కావాలి", "నాకు నొప్పిగా ఉంది" వంటి వాక్యాలను ఏ యంత్రమైనా పలుకుతుంది. ఫోనులో ఉండే తెలుగు గొంతు టైపు చేసినదాన్ని చదువుతుంది, కానీ అది చదివేది పుస్తకం తెలుగు. "పైలంగా పోయిరా బిడ్డా", "బువ్వ తిన్నవా", "ఏం గాదు తీ" అనడం దానికి రాదు, వచ్చినా మీలాగా రాదు. మీరు మీ మనవరాలిని ఏ ముద్దుపేరుతో పిలుస్తారో, కోపం వస్తే ఏమంటారో, ఎదుటివాడి అబద్ధం పట్టుకున్నప్పుడు ఎట్లా "ఆఁ" అంటారో, అవి ముందు. నవ్వు, దగ్గు, గొంతు సవరించుకోవడం కూడా దాచండి. మా అన్న "ఏయ్, చివరి బెంచీ" అన్న రెండు మాటలను రికార్డు చేయించుకున్నాడు, తరువాతి రోజుల్లో ఇంట్లో ఎవరి చూపు ఫోనులోకి పోయినా ఆ బొత్తాన్నే నొక్కించేవాడు. ఒక్కో బొత్తానికి ఒక్కో శబ్దం అమర్చుకునే సౌండ్‌బోర్డు యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, వాటిలో ఈ ఫైళ్లను ఎక్కించుకోవచ్చు.

పాడేవారు తమకు వచ్చిన పాటలన్నీ ఈ దశలోనే పాడాలి. మన దగ్గర బతుకమ్మ పాటలు, నాటు వేసేటప్పటి పాటలు, పాలమూరు భజన మండళ్ల చరణాలు చాలావరకు నోటి మీదనే ఉన్నాయి, ఒక్కో ఊరిది ఒక్కో వరస. ఒక మనిషి గొంతును దాచే పనిలో ఊరి పాట కూడా దాగుతుంది.

తెలుగు అక్షరాల పలక

మాట పూర్తిగా ఆగిన తరువాత ఏ ఖరీదైన పరికరం కన్నా ఎక్కువగా మాకు పనికొచ్చింది ఒక అట్ట ముక్క. కంటి చూపుతో నడిచే కంప్యూటర్లు, ముఖ కవళికలతో నడిచే ఫోను సదుపాయాలు ఉన్నాయి. ఆండ్రాయిడ్ 12 నుంచి కనుబొమలు ఎత్తడం, నోరు తెరవడం వంటి సైగలతో ఫోను నడపవచ్చు, 2024లో ఐఫోన్‌కు కూడా చూపుతో నడిపే వీలు వచ్చింది. వీలైతే అవి నేర్చుకోండి. కానీ కరెంటు పోయినప్పుడు, ఆసుపత్రి వరండాలో, అర్ధరాత్రి దోమ కుట్టినప్పుడు పనిచేసేది అట్టే. అమెరికా గిటారు వాద్యకారుడు జేసన్ బెకర్‌కు ఈ జబ్బు 1990లో, 20 ఏళ్ల వయసులో బయటపడింది. ఆయన దశాబ్దాలుగా తండ్రి తయారుచేసిన కంటిసైగల పద్ధతితోనే మాట్లాడుతున్నాడు, సంగీతం కూడా దానితోనే కూర్చాడు.

ఇంగ్లీషుకు 26 అక్షరాలతో సరిపోతుంది. మన వర్ణమాలను బడిలో నేర్చిన వరసలో అట్టకెక్కిస్తే 50కి పైగా గళ్లు, వాటి మీద గుణింతాలు, ఒత్తులు. ఒక్క మాటకే కళ్లు అలసిపోతాయి. అందుకని మేము ఖ, ఘ వంటి ఒత్తి పలికే అక్షరాలను తీసేశాము. ఖ అనాలంటే క చాలు, శ, ష రెండింటికీ స చాలు, చదివేవాడు సరిచేసుకుంటాడు. తెలుగు మాస్టారికి ఈ నిర్ణయం నచ్చలేదు, ఒక వారం అలిగాడు, తరువాత ఆయనే ణ, ళ మాత్రం ఉంచాలని రాజీకి వచ్చాడు. చివరికి హల్లుల వైపు అయిదు వరసలు, వరసకు నాలుగు అక్షరాలు మిగిలాయి. మొదటి వరస క గ చ జ, రెండోది ట డ త ద, మూడోది ప బ మ వ, నాలుగోది న ణ ల ళ, అయిదోది య ర స హ. అట్ట రెండో వైపు అచ్చుల వరసలు: అ ఆ ఇ ఈ, ఉ ఊ ఎ ఏ, ఒ ఓ ఐ ఔ, నాలుగో వరసలో సున్న, ఒత్తు, పదం అయింది, తప్పు. ఈ రెండో వైపే గుణింతాలకూ పనికొస్తుంది.

వాడే పద్ధతి ఇది. సహాయకుడు "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని నిదానంగా అంటాడు. కావలసిన వరస వచ్చినప్పుడు జబ్బు మనిషి కళ్లు పైకెత్తుతాడు. తరువాత ఆ వరసలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పలుకుతాడు, మళ్లీ కళ్లు పైకి. హల్లు దొరికాక "గుణింతమా?" అని ఒక్కసారే అడుగుతాడు. కళ్లు ఎత్తకపోతే తలకట్టే అనుకుని ముందుకు పోతాడు, తెలుగులో దాని అవసరమే ఎక్కువ. "అవును"కు కళ్లు పైకెత్తడం, "కాదు"కు గట్టిగా మూయడం అని ఇంటిల్లిపాదీ ఒకే ఒప్పందానికి రావాలి, ఈ ఒప్పందాన్ని మంచం తలవైపు గోడ మీద రాసి పెట్టాలి, లేకపోతే ఆసుపత్రిలో కొత్త నర్సుకు ఏదీ తెలియదు.

సహాయకుడు ఊహించాలి, కానీ తేల్చేయకూడదు. "నీ" అని రాగానే మా వదిన గ్లాసు తెచ్చేది. ఆయన అడిగింది చాలాసార్లు నీళ్లు కాదు, నీడ, అంటే మంచాన్ని ఎండలోంచి జరపమని. "నీళ్లా?" అని అడిగి, కళ్లు చూసి, కదలాలి. వరసలు కంఠస్థమైతే అట్ట కూడా అక్కరలేదు. మా ఇంట్లో ఆరో తరగతి పిల్ల మూడు రోజుల్లో నేర్చుకున్నది, పెద్దవాళ్లకు మూడు వారాలు పట్టింది. కాబట్టి పిల్లలకు ముందు నేర్పండి.

జపాన్‌లో పారదర్శకమైన పలకను ఇద్దరి మధ్య పట్టుకుని, ఒకరి చూపు ఒకరికి కలిసే చోటున్న అక్షరాన్ని పట్టుకునే పద్ధతి వాడుకలో ఉంది. ఏఎల్‌ఎస్ ఉన్న యసుహికో ఫునాగో 2019లో ఆ దేశపు ఎగువ సభకు ఎన్నికయ్యారు, సభలో ఆయన ప్రశ్నలను సహాయకులు చదివి వినిపించారు. ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో దొరికే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద మన అక్షరాలను రాసుకుని ఈ పద్ధతినీ ప్రయత్నించవచ్చు.

పలక మీద పద్యం

ఈ పద్ధతిలో నిమిషానికి రెండు మూడు మాటలకు మించి రావు. కాబట్టి రాసే విధానమే మారాలి. పలక ముందు కూర్చుని ఆలోచించకూడదు, ఆలోచించుకుని పలక ముందుకు రావాలి. ఏఎల్‌ఎస్‌తో 2010లో మరణించిన చరిత్రకారుడు టోనీ జడ్ట్, కదలలేని రాత్రుల్లో తన జ్ఞాపకాల వ్యాసాలను మనసులోనే గదులు గదులుగా అమర్చుకుని, మరునాడు సహాయకుడికి చెప్పి రాయించేవాడు. మన అవధానుల ధారణ గురించి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

తెలుగు ఛందస్సు ఈ పనికి చేసే సాయం మాకు అనుకోకుండా తెలిసింది. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి. అంటే పాదం మొదలు "క"తో అయితే, యతి స్థానానికి వచ్చేసరికి సహాయకుడు పలకలో ఇరవై అక్షరాలు చదవనవసరం లేదు, క, గ అని అడిగితే దాదాపు పని అయిపోతుంది. గణం తెలిసినవాడికి గుణింతం గురువా లఘువా అన్నది కూడా ముందే తెలుస్తుంది. బతుకమ్మ పాట కట్టేవారికి ఇంకా సులువు, ప్రతి పాదం చివరి "ఉయ్యాలో"ను ఎవరూ అక్షరాలు కూర్చి చెప్పనక్కరలేదు. వచన కవిత రాసేవారు నన్ను క్షమించాలి, ఈ ఒక్క విషయంలో పాత ఛందస్సుదే పైచేయి.

సహాయకుడికి ఒక నియమం ఉండాలి: చెప్పింది రాయాలి, మెరుగుపెట్టకూడదు. మాట నచ్చకపోతే అడగవచ్చు, మార్చకూడదు. రోజు చివర రాసినదంతా చదివి వినిపించి, "ఇది మీ మాటేనా" అని అడిగి, కళ్లు పైకెత్తిన తరువాతే తేదీ వేసి నోటుపుస్తకంలోకి ఎక్కించండి.

చేతిపని ఉన్నవారికి

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో మగ్గం మీద బతికినవారికి చేయి పడిపోవడమంటే పని పోవడమనే అనిపిస్తుంది. కానీ నేత పనిలో చేయి కన్నా ముందు నడిచేది లెక్క. చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే కట్టు) కట్టాల్సిన చోట్లను గళ్ల కాగితం మీద వరస సంఖ్య, గడి సంఖ్య, రంగు సంఖ్యలుగా చెప్పగలిగితే, నోటితోనో పలకతోనో డిజైన్ చెప్పి ఇంట్లోవారితో గీయించవచ్చు. చుక్కల ముగ్గు కూడా అంతే. "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క" అంటే వినేవారికి 37 చుక్కల చట్రం సిద్ధమవుతుంది, ఆ తరువాత ఏ వరసలో ఎన్నో చుక్క నుంచి ఎక్కడికి గీత అన్నది అంకెల్లోనే చెప్పవచ్చు. ముగ్గు వేసే చేయి కూతురిది కావచ్చు, ముగ్గు మాత్రం తల్లిదే, కింద పేరు తల్లిదే రాయాలి.

చేయి కొంత ఆడుతున్న దశలో చిన్న చిన్న ఏర్పాట్లు చాలాకాలం నడిపిస్తాయి. కలానికో కుంచెకో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేస్తే బలహీనమైన పట్టులోనూ నిలుస్తుంది. దూలానికి వెడల్పాటి మెత్తని గుడ్డను ఉయ్యాలలా కట్టి అందులో ముంజేతిని ఉంచితే, చేతి బరువు గుడ్డ మోస్తుంది, వేళ్లకు గీయడమొక్కటే మిగులుతుంది. ఇటువంటివి దుకాణంలో దొరకవు, చూసి చూసి చేసుకోవాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసీ పోసీ తల్లి భుజం నొప్పి పడటం చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఊళ్లో వెల్డింగు షాపు అబ్బాయికి, వడ్రంగికి మీ అవసరాన్ని చూపించి చెప్పండి. వాళ్లకు జబ్బు పేరు తెలియకపోయినా, చేయి ఎక్కడ ఆగుతున్నదో చూడగానే అర్థమవుతుంది.

ఊపిరి, ఎండ, వేళ

రాత వెనుక ఊపిరి ఉంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఉంటే రాత్రి శ్వాస చాలడం లేదని అర్థం. ఆ స్థితిలో ఎవరికీ పద్యం రాదు. ఆలస్యం చేయక వైద్యుడికి చెప్పండి. ముక్కుకు మాస్కుతో పెట్టే బైపాప్ యంత్రం ఆయుష్షును పెంచుతుందని తెలిసినదే, అంతకన్నా ముందు అది ఉదయాన్ని తిరిగి ఇస్తుంది. రిలుజోల్ మాత్ర జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, నయం చేయదు. మన దగ్గర బైపాప్ తెచ్చుకునే ముందే ఇన్వర్టర్ చూసుకోవాలి, ఎండాకాలం రాత్రి కరెంటు పోతే పరుగెత్తే సమయం ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లో పని అంతా పొద్దున ఎనిమిదిలోపు ముగించండి. తిన్న వెంటనే పలక పట్టవద్దు, మింగడం కష్టమైనవారికి ఆ సమయంలో దృష్టి గొంతు మీదే ఉండాలి. ఇరవై నిమిషాల పని, గంట విశ్రాంతి అన్నది మాకు కుదిరిన లెక్క.

ఈ జబ్బులో కొందరికి కారణం లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొస్తుంది. అది దుఃఖమూ కాదు, ఎగతాళీ కాదు, నాడుల మీద అదుపు తప్పడం, దానికి మందులున్నాయి. ఆలోచనలో, ప్రవర్తనలో కూడా దాదాపు సగం మందికి కొద్దిపాటి మార్పులు రావచ్చు, కొద్దిమందికి అవి ఎక్కువవుతాయి. ముఖ్యమైన నిర్ణయాలు, సంతకాలు ముందే పూర్తిచేసుకోవడం అందుకే మంచిది.

ఊరికి చెప్పడం

జూన్ 21 ప్రపంచ ఏఎల్‌ఎస్ దినం. మన దేశంలో ఆ రోజు పత్రికలన్నీ యోగా దినోత్సవపు ఫొటోలతో నిండిపోతాయి కనుక ఆ తేదీనే పట్టుకుని కూర్చోనవసరం లేదు. 2014లో తల మీద చల్లని నీళ్లు గుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతా పాకి, ఒక్క అమెరికా సంఘానికే సుమారు 11.5 కోట్ల డాలర్ల విరాళాలు తెచ్చింది, ఆ డబ్బుతో సాగిన పరిశోధన 2016లో నెక్1 అనే జన్యువుకు జబ్బుతో ఉన్న సంబంధాన్ని గుర్తించడానికి తోడ్పడింది. దాని ఫలితాన్ని కాదనలేము, కానీ బిందె నీటి కోసం తరాలుగా కొట్లాడిన నల్లగొండలో బకెట్ నీళ్లు పారబోసి చైతన్యం అనడం కుదరదు. అదే ఏడాది హైదరాబాద్‌లో దానికి బదులు బియ్యం దానం చేసే సవాలు పుట్టింది, అయితే అది ఆకలి కోసం పుట్టినది.

మనకు దగ్గరి పాఠం ఫ్లోరైడు ఉద్యమంలోనే ఉంది. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామి, ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన తన శరీరాన్నే సాక్ష్యంగా చేసి దశాబ్దాల పాటు జిల్లా నీటి గోసను చెప్పారు, ఢిల్లీలో ప్రధాని వాజపేయి ముందుకు కూడా వెళ్లారు, 2023లో మరణించారు. లక్ష కరపత్రాలు చేయలేని పనిని ఒక మనిషి ఎదురుగా ఉండటం చేసింది. అయితే అది ఆయన ఎంచుకున్న దారి. జబ్బు మనిషిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అతని ఇష్టం అడగకుండా వేదికల మీదికి తోయడం వేరే సంగతి.

ఎవరికి చెప్పాలన్నది ముందు తేల్చుకోవాలి. అందరికీ చెప్పాలనుకుంటే ఎవరికీ అందదు. నా అనుభవంలో మొదట చెప్పవలసినవారు ఊరి ఆర్‌ఎంపీ, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, ఫిజియోథెరపీ చేసేవారు, ఎందుకంటే సన్నబడుతున్న చేతిని మొదట చూసేది వారే. ఒక్క పేజీ కాగితం చాలు. నొప్పి, తిమ్మిరి లేకుండా ఒక చేయో కాలో నెలనెలా బలహీనపడటం, బొటనవేలి మొదట్లో కండ తగ్గడం, చెప్పు జారిపోవడం, మాట ముద్దగా రావడం, నీళ్లు తాగితే పొలమారడం, నాలుకో కండరాలో అదరడం. ఇవి కనిపిస్తే బలం మందుల సూదులు వేసుకుంటూ కూర్చోక, హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వంటి చోట నరాల నిపుణుడికి చూపించాలని రాయండి. ఆ కాగితం వెనుక వైపు పైన చెప్పిన అక్షరాల పలకను అచ్చువేయండి. కరపత్రాన్ని పారేసేవారు కూడా పలకను దాచుకుంటారు.

పాలమూరు వైపు మరో లెక్క వేసుకోవాలి. పనికి ముంబై, పుణె పోయినవారు ఊళ్లో ఉండేది సంక్రాంతికి, పీర్ల పండుగకు. చేయి పట్టు తప్పుతున్న సంగతిని అక్కడ దాచి పనిచేసుకునేవారు ఉంటారు కనుక కాగితం ఆ రోజుల్లోనే చేతికందాలి. కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర వంటి చోట్ల ఒక బల్ల, ఒక పలక పెట్టి, "నోరు విప్పకుండా మీ పేరు చెప్పండి" అని వచ్చినవారిని కూర్చోబెడితే, రెండు నిమిషాల్లో వాళ్లకు తెలిసేది ఉపన్యాసంతో తెలియదు. సంక్రాంతి ముగ్గుల పోటీలో పలకతో చెప్పించిన ముగ్గు పెట్టడం కూడా అటువంటిదే.

అధికారులకు చెప్పే భాష వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో ఏఎల్‌ఎస్ పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నాడీ వ్యాధులు, చలన వైకల్యం అన్న శీర్షికల కిందనే అడగవలసి ఉంటుంది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు నిపుణుడి నివేదికలో ఆ మాటలు ఉండేటట్లు చూసుకోండి. మంచం మీదున్న మనిషిని శిబిరానికి మోసుకురమ్మంటే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ దరఖాస్తును మా అన్న తానే పలక మీద చెప్పి రాయించాడు, తొమ్మిది రోజులు పట్టింది, నేను చూసిన దరఖాస్తుల్లో దానికన్నా చిన్నది, దానికన్నా సూటిది లేదు.

వీడియోలు పెట్టేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ప్రతి వీడియోకూ ముందు ఆయనకు చూపించి, కళ్లతో ఒప్పుకున్న తరువాతే పెట్టాలి. నిన్న ఒప్పుకున్నారు కదా అని ఇవాళ పెట్టకూడదు. ఫోను నంబరు బహిరంగంగా ఇవ్వకూడదు. ఇచ్చిన మరునాటి నుంచే పసరు మందు, హామీతో నయం, మూలకణాల సూది అంటూ ఫోన్లు మొదలవుతాయి. ఏఎల్‌ఎస్‌కు మూలకణ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది, మన దేశ మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన ప్రయోగాల్లో భాగంగా తప్ప దాన్ని ఇవ్వకూడదు, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగేవాడు ఎవరో దీనితోనే తెలిసిపోతుంది.

దాచినవన్నీ ఎక్కడ ఉండాలి

రికార్డింగులు, పద్యాలు, ముగ్గుల లెక్కలు ఒక్క ఫోనులోనే ఉంచవద్దు. మెమరీ కార్డులో ఒక ప్రతి, వేరే ఊళ్లో ఉండే బంధువు కంప్యూటర్‌లో ఒక ప్రతి, ఆన్‌లైన్‌లో ఒక ప్రతి ఉంచండి. ఏది ఎవరు వినవచ్చో, ఏది అచ్చువేయవచ్చో, ఏది ఇంటి గడప దాటకూడదో ఆయననే అడిగి, ఫైలు పేర్ల పట్టిక పక్కన రాయండి. మా అన్న పట్టికలో 212 పేర్లున్నాయి. వాటిలో పదకొండింటి పక్కన "వదినకు మాత్రమే" అని ఉంది, అవి ఏమిటో నాకు తెలియదు. "ఏయ్, చివరి బెంచీ" పక్కన మాత్రం "ఎవరైనా" అని రాయించాడు.